బావ కలలోకి వచ్చేదెవరు

మా బావకు పగలు ఏమీ కనపడదు. నిద్రపోయాక కనిపిస్తుంది. ఈ మాట మొదటిసారి అతని నోటివెంట విన్నప్పుడు నన్ను ఆటపట్టిస్తున్నాడనే అనుకున్నాను. మనిషి అసలే వేళాకోళాల పుట్ట. కాలిపోయిన మోటారును ఎవరైనా ఏడుపు ముఖంతో పట్టుకొస్తే, ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, "అయ్యో, నిన్న తెచ్చుంటే బతికించేవాణ్ణి కదండీ" అంటాడు. వాళ్లు బెంబేలెత్తిపోయాక నింపాదిగా, "సరే, ఎల్లుండి రండి" అంటాడు.

మాది మోటారు వైండింగ్ షెడ్డు. ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ల పంపులు కాలిపోతే లోపలి రాగి తీగ తీసేసి కొత్త తీగ చుడతాం. పొడవాటి గది, ముందు ఇనప షట్టరు, గోడవారగా చెక్క బల్ల, ఎప్పుడూ వార్నిష్ వాసన. నేనూ బావా ఒకే మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాం. అప్పటికి అతను నాకు బావ కాడు, పక్క స్టూలు మీద కూర్చునే స్నేహితుడు. అందుకే పెళ్లయ్యాక కూడా "మీరు" అనడం నాకు చేతకాలేదు. ఒకసారి ప్రయత్నిస్తే, "ఏరా, ఒంట్లో బాగోలేదా" అని నుదురు పట్టి చూశాడు.

అతని చూపు ఒక్కరోజులో పోలేదు. కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు. ముందు అంచులు పోయాయి, పక్కనుంచి వచ్చేవాళ్లు కనపడేవాళ్లు కాదు. తర్వాత మధ్యలో ఉన్నదీ పోయింది. ఇరవై ఏడో ఏటికి పూర్తిగా చీకటి. మేస్త్రీ అతన్ని మానిపించలేదు. "తీగ చుట్టేది వేళ్లు, కళ్లు కాదు" అన్నాడు. నిజానికి ఆ మాట సగమే నిజం. తీగల రంగులు చూసి కలపాల్సిన చోట ఇప్పటికీ నేనో, ఇంకొకరో ఉండాలి. కానీ కాయిల్ చుట్టడం, దాన్ని మోటారు లోపలి ఇనప గాడుల్లో కూర్చడం అతనే చేస్తాడు. తప్పులు కూడా అందరిలాగే చేస్తాడు, తప్పు నాదేనని వాదిస్తాడు.

మా అక్క బస్ స్టేషన్లో అనౌన్సర్. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పేది ఆమే. బావకు చూపు పూర్తిగా పోయాకే ఆమెకు మా ఊరికి బదిలీ అయింది, నా గదిలో కొన్నాళ్లుంది. అప్పుడే పరిచయం. బావ కర్ర పట్టుకుని రోజూ బస్ స్టేషన్‌కు ఎందుకు వెళ్తున్నాడో, ఏ బస్సూ ఎక్కకుండా ఎందుకు తిరిగొస్తున్నాడో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి వాళ్లిద్దరూ పెళ్లి ఖాయం చేసుకున్నారు. నేను నాలుగు మాటలన్నాను. అక్క ఎనిమిది అంది. అక్కడితో సరి.

అంటే బావ మా అక్కను ఎన్నడూ చూడలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

రోజూ పొద్దున నేను వాళ్లింటికి వెళ్లి, టీ తాగి, బావను తీసుకుని షెడ్డుకు వెళ్తాను. వంటగది కిటికీ పక్కన చిన్న బల్ల, మూడు కుర్చీలు. అక్క బస్సుల వేళలు నెమరేసుకుంటూ హడావుడిగా తిరుగుతుంటే, బావ రాత్రి చూసినవి చెప్తాడు. ఊరికి వెళ్లొచ్చినవాడు చెప్పినట్టు చెప్తాడు. "రాత్రి ఎర్ర బస్సు చూశానురా. అద్దానికి పగులు కూడా ఉంది" అంటాడు. ఇంకోరోజు మేడ మెట్లు, ఇంకోరోజు ఎవరిదో పసుపు చొక్కా.

"కలలో నీకు కనపడుతోందని తెలుస్తుందా?" అని అడిగాను ఒకసారి.

"నువ్వు పగలంతా చూస్తుంటావు కదా, 'ఆహా, చూస్తున్నాను' అనుకుంటావా ఎప్పుడైనా?"

"లేదు."

"నేనూ అంతే. లేచాకే తెలుస్తుంది. రోజూ పొద్దున్నే ఓసారి చూపు పోతుంది నాకు."

ఈ మాట అని టీ చప్పరించాడు. నేను మాత్రం గ్లాసు పక్కన పెట్టేశాను. ఎవరికైనా కష్టం ఒకసారి వస్తుంది, ఏడుస్తారు, సర్దుకుంటారు. ఈ మనిషికి రోజూ కొత్తగా వస్తోందన్నమాట. అయినా లేవగానే జోకులేస్తాడు. ఇలాంటివాణ్ణి చూస్తే నాకు ముచ్చటా వేస్తుంది, ఒళ్లూ మండుతుంది.

పోయిన ఏడాది నుంచి బావ కలలు మాసిపోవడం మొదలైంది. ముందు రంగులు వెలిశాయట. పచ్చా నీలం పోయి ఎరుపొక్కటే మొండిగా మిగిలింది, తర్వాత అదీ పోయింది. దూరంగా ఉన్నవి పోయాయి. మనుషులు దగ్గరకొస్తేనే కనపడుతున్నారు. నేను ఊరుకోలేక అతనికి మొదట్నుంచీ చూస్తున్న కంటి డాక్టర్ని అడిగాను. పెద్దయ్యాక చూపు పోయినవాళ్లకు కలల్లో బొమ్మలు ఏళ్ల తరబడి వస్తుంటాయనీ, కొందరికి మెల్లగా తగ్గుతాయనీ, ఎవరికి ఎప్పుడు తగ్గుతాయో చెప్పలేమనీ ఆయన చెప్పారు. "మెదడు దాచుకున్న సరుకుతో దుకాణం నడుపుతుందండీ, కొత్త సరుకు రావట్లేదు కదా" అన్నారు.

పొద్దున టీ దగ్గర బావతో అదే చెప్పాను. టీ ఆఖరి గుక్క తాగాడు. తర్వాత, "దుకాణం మూసేలోపు ఒక్క పని కావాలిరా" అన్నాడు. "మీ అక్కని ఒక్కసారి చూడాలి."

"చూస్తూనే ఉన్నావుగా. మొన్న కూడా కలలో అక్క మెట్లెక్కుతోందన్నావు."

"ఎక్కింది. ఆ ఎక్కినామె ముఖం మీ అక్కదో కాదో నాకెలా తెలుసు?"

ఇన్నేళ్లలో నాకు ఈ అనుమానమే రాలేదు. అతనికి కూడా ఈమధ్యే వచ్చిందట. ఎలా ఉంటుందో చెప్పమన్నాను. బావ చేతి వేళ్లను గాల్లో కదిలిస్తూ చెప్పుకుపోయాడు. కోల ముఖం. సన్నటి ముక్కు. నవ్వితే ఎడమ బుగ్గ మీద ఒకే ఒక్క సొట్ట. ఎడమ కనుబొమ్మ కుడిదానికంటే కాస్త ఎత్తు, ఎప్పుడూ ఏదో అడగబోతున్నట్టు. పై పెదవి కొంచెం పైకి లేచి ముందు పన్ను అంచు కనపడుతుంది.

మా అక్కది గుండ్రటి ముఖం. ముక్కు కాస్త లావు, నేనంటే కొడుతుంది గానీ ఉన్న మాట. సొట్ట లేదు. కనుబొమ్మలు రెండూ సమానం. నేను నోరు తెరిచేలోపు వెనక గట్టు మీద గ్లాసులు పెట్టిన చప్పుడైంది. అక్క అంతా వింది.

"ఎవరండీ ఆవిడ?" అంది. మైకులో బస్సు ఆలస్యమని చెప్పే గొంతు అది.

గుమ్మడికాయ దొంగ అనకుండానే బావ భుజాలు తడుముకున్నాడు. "నాకేం తెలుసు? నువ్వే అనుకున్నాను."

"ఇన్నేళ్లుగా?"

"ఇన్నేళ్లుగా."

అక్క గడియారం చూసుకుని చెప్పులేసుకుని వెళ్లిపోయింది. కోపమొస్తే మా అక్క అరవదు, ఐదు నిమిషాలు ముందే డ్యూటీకి వెళ్తుంది.

ఆ రోజు నుంచి నాకు వేరే ధ్యాస లేదు. ఆ ముఖం ఎవరిది? నాకైతే బావకు చూపున్న రోజుల్లో ఏదో సంగతి నడిచిందనే అనుమానం. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అప్పట్లో షెడ్డు పక్కన ఉండే కుట్టు మిషను ఆవిడ? కాదు, ఆవిడది చట్టి ముఖం. ఆస్పత్రిలో మందులిచ్చే అమ్మాయి? ఆమెకు ముందు పళ్లే కనపడవు. బావను షెడ్డులో బల్ల దగ్గర నిలదీశాను.

"అసలు ఆమె మా అక్కే అని కలలో నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పరురా. కలలో మనిషెవరో ముందే తెలిసిపోతుంది. ముఖం ఆ తర్వాత వస్తుంది. ఆమె గదిలోకి రాగానే నాలో నేను 'ఇదిగో, ఈమే మా ఆవిడ' అనుకుంటాను. అనుకున్నాక చూస్తాను."

ఇదేం వింత అనుకున్నాను. కానీ నా కలలు నేను పట్టించుకుంటే నాకూ అదే తంతు. మా షెడ్డు కలలోకి వస్తుంది, చూస్తే నేను చదివిన బడిలా ఉంటుంది. అయినా అది షెడ్డేనని నాకు కించిత్తు అనుమానం ఉండదు. చూసి గుర్తుపట్టడం మెలకువలో పద్ధతి. నిద్రలో గుర్తుపట్టడం ముందు, చూడటం వెనక. రోజూ పడుకుని లేస్తున్నా ఈ సంగతి ఇంత వయసొచ్చేదాకా నేను గమనించలేదు.

చివరికి మా మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఆయన పని మానేసి ఇంట్లోనే ఉంటున్నాడు, ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానునూ వారానికోసారి విప్పి మళ్లీ బిగించుకుంటూ. పాత రోజుల్లో షెడ్డుకు వచ్చిపోయిన ఆడవాళ్లంతా ఆయనకు గుర్తే. నేను కోల ముఖం, ఒక్క సొట్ట, ఎత్తు కనుబొమ్మ, పన్ను అంచు అని వరసగా చెప్తుంటే ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టి నన్నే చూడసాగాడు.

"ఆ మీసం ఎప్పుడు పెంచావురా నువ్వు?" అన్నాడు.

"ఇప్పుడు నా మీసం సంగతెందుకు మేస్త్రీ గారూ?"

"పెంచకముందు పై పెదవి మీద పన్ను కనపడేది. గడ్డం పెరిగి బుగ్గ మీది సొట్ట కూడా కప్పుకుపోయింది. ఒళ్లు చేసి కోల ముఖం కాస్తా గుమ్మటమైంది. వెళ్లి అద్దంలో ఆ ఎడమ కనుబొమ్మ చూసుకో, వెధవా."

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. బావ కలలో ఇన్నేళ్లుగా మెట్లెక్కుతున్నది నేను. జడేసుకుని, చీర కట్టుకుని, ఇరవై ఏళ్ల వయసులో. మేస్త్రీ అంత నవ్వు నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. మంచినీళ్లిచ్చి వీపు రాయాల్సి వచ్చింది.

మర్నాడు టీ దగ్గర ఈ సంగతి చెప్పేటప్పటికి నా పరువు ఎలాగూ పోయింది కాబట్టి పూర్తిగానే చెప్పాను. బావ మొదట నమ్మలేదు. చెయ్యి చాపి నా కనుబొమ్మలు తడిమాడు, సొట్ట కోసం గడ్డంలో వెతికాడు. తర్వాత కుర్చీలోంచి కిందికి జారిపోయేంతగా నవ్వాడు. "ఛీ ఛీ, కలలో ఎన్ని ప్రేమ కబుర్లు చెప్పానురా నీకు" అన్నాడు.

అక్క నవ్వలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"తప్పు నాదే. పెళ్లికి ముందు ఈయన నన్ను ఎలా ఉంటావని అడిగారు. నా ముఖం గురించి నేను చెప్పుకోవాలంటే సిగ్గేసింది. మా తమ్ముణ్ణి చూశారుగా, వాడికి జడేస్తే నేనే అన్నాను" అంది.

"నాకూ నీకూ పోలికెక్కడిదే?" అన్నాను.

"ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామని. ఆయన దాన్నే పట్టుకు కూర్చుంటారని నాకేం తెలుసు?"

బావకు కూడా ఆ మాట అప్పుడే గుర్తొచ్చింది. అక్క ఆడిన ఒక్క మాటను అతని మనసు ముడి సరుకు కింద తీసుకుని, తన దగ్గరున్న నా ముఖాన్ని పెట్టి, పని కానిచ్చేసింది.

ఆ సాయంత్రం అక్కను బస్ స్టేషన్ నుంచి నేనే తీసుకొచ్చాను. దారిలో అంది, "ఊళ్లో అందరికీ నా గొంతు తెలుసు. ఎదురుపడితే ఒక్కరూ గుర్తుపట్టరు. నేనెప్పుడూ బాధపడలేదు. కానీ ఈయన కలలో కూడా నేను లేకపోతే, నేనెవరికి ఉన్నట్టురా?" ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే నేను ఆ రోజు అక్క చేతిలో సంచి మాత్రం అందుకున్నాను.

బావ మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. కాలిన మోటారుకు కొత్త కాయిల్ చుట్టేముందు, ఒక్క తీగను గాడుల్లో వంచి పెట్టి కొలత తీస్తాం. ఆ తీగ ఎలా వంగితే కాయిలంతా అలాగే వస్తుంది. ఆదివారం పొద్దున అక్కను కుర్చీలో కూర్చోబెట్టి, మెత్తటి రాగి తీగ తెచ్చి, నుదుటి నుంచి ముక్కు మీదుగా గడ్డం దాకా ఆనించి వంచాడు. తర్వాత బుగ్గలకు అడ్డంగా ఇంకొకటి.

"కదలకు."

"గిలిగింతలవుతున్నాయండీ."

"మోటారు ఎప్పుడైనా గిలిగింతలని చెప్పిందా?"

"మోటారుకు పెళ్లి కాలేదు."

ముక్కు దగ్గర వేళ్లు ఆగాయి. "తమ్ముడి ముక్కు కంటే ఇది కాస్త ఆస్తిపాస్తులున్న ముక్కు" అన్నాడు. అక్క ఆ రోజు నవ్వింది. ఆ తీగ ముఖాన్ని దిండు పక్కన పెట్టుకుని, పడుకునే ముందు తడుముకుంటూ, కలలో ఇదే రావాలని మనసుకు పాఠం చెప్పుకునేవాడు. నేను పైకి ఎగతాళి చేసినా, పొద్దున్నే అందరికంటే ముందు "వచ్చిందా?" అని అడిగేవాణ్ణి నేనే.

రాలేదు. మొదటి రోజు కలలో ఒక సీలింగ్ ఫ్యాను అక్క గొంతుతో బస్సుల వేళలు చెప్పింది. తర్వాత మళ్లీ నా ముఖమే వచ్చింది, ఈసారి మీసంతో సహా. ఆపైన అదీ మసకబారింది. నుదురు పోయింది, కళ్లు పోయాయి, కనుబొమ్మ ఒక్కటి కొన్నాళ్లు వేలాడి పోయింది. తర్వాత రోజూ ఒకే జవాబు. "ఏం లేదురా." జోకులు తగ్గిపోయాయి. షెడ్డులో కాయిల్ చుడుతూ మధ్యలో ఆగిపోయి, చుట్లు లెక్క తప్పి, మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టేవాడు. నాకు భయం వేసింది. మొదటిసారి చూపు పోయినప్పుడు కూడా మనిషి ఇంత చిన్నబోలేదు.

అలా కొన్ని వారాలు గడిచాక ఒకరోజు నేను వెళ్లేసరికి బావ అప్పటికే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. టీ చల్లారిపోయింది. అక్క ఎదురుగా నిలబడి ఉంది.

"అయిపోయిందిరా. రాత్రి కల వచ్చింది. బొమ్మ లేదు. చీకటి కూడా కాదు, చీకటైతే కనపడాలి కదా. చూడటమనేదే లేదు" అన్నాడు నాతో.

అక్కే మెల్లగా అడిగింది. "మరి కలలో ఏముంది?"

"నువ్వున్నావు."

"నా గొంతు వినపడిందా?"

"లేదు. ఏం మాట్లాడలేదు. ఇద్దరం ఎక్కడో కూర్చున్నాం. నా మోచెయ్యికి నీ మోచెయ్యి తగులుతోంది. ఏదో ఆలస్యమైంది, ఎదురుచూస్తున్నాం. విసుగ్గా కూడా ఉంది. అంతే, ఇంకేం జరగలేదు."

"ముఖం లేదు, గొంతు లేదు. మరి నేనేనని ఎలా అనుకున్నారు?"

బావ చల్లారిన గ్లాసును బల్ల మీద అటూ ఇటూ తిప్పాడు.

"ఇన్నేళ్లూ ఆ ముఖం రాగానే 'ఈమే మా ఆవిడ' అని నాకు నేను చెప్పుకోవాల్సి వచ్చేది. రాత్రి ఆ మాట అనుకోలేదు. ఎవరా అని అనుకోవాల్సిన పనే పడలేదు. పక్కన నువ్వు కాక ఎవరుంటారు?"

అక్క కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది. కొంగుతో కళ్లొత్తుకుంది. కాసేపటికి, "మీకు ఆ కాస్త చూపూ పోయింది, నాకేమో సంతోషంగా ఉంది. నేను మంచిదాన్ని కాదేమో" అంది.

"నాకు ఏడుపొస్తోంది. ఇక ఏ బస్సూ చూడను, ఏ చొక్కా చూడను" అన్నాడు బావ. నిజంగానే ఏడ్చాడు. నేను అతను ఏడవగా చూడటం అదే మొదలు.

నాకూ బాధేసింది, అందులో ఒక వంతు నా కోసమే. ఇరవై ఏళ్ల వయసు నాటి నా ముఖం నాకు గుర్తులేదు, ఫోటో కూడా లేదు. అది భద్రంగా ఉన్న ఒకే ఒక్క చోటు ఖాళీ అయిపోయింది.

అక్క డ్యూటీకి వేళ దాటిపోతోంది. నేను గడియారం వంక చూడటం ఆమె గమనించింది.

"బస్సులు ఇవాళ కాసేపు వాటంతటవే వస్తాయిలే. నువ్వు వెళ్లరా" అంది, బావ మోచేతికి మోచెయ్యి ఆనించి కూర్చునే.